కామమ్మ పిలవని పిలుపు

కామమ్మ గొంతు పెద్దది. వండూర్ ఒడ్డున నిలబడి కేక వేసిందంటే కెరటాల అవతల వల లాగుతున్న మొగుడు పని ఆపి చూడాల్సిందే. పక్కింటి ఎరుకమ్మ, "నీ నోటికి లైసెన్సు తీయించుకోవే, సర్కారోళ్లు పట్టుకుపోతారు" అని ఏడిపించేది. పోర్ట్ బ్లెయిర్ బస్సు ఆపాలన్నా, నీళ్లలో ఆడుతున్న పిల్లల్ని బయటికి రప్పించాలన్నా ఆ గొంతు చాలు. ఒక్క పనికి మాత్రం అది పెగిలేది కాదు. గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవదు. మొగుడు అన్నం మూట మరిచిపోయినా, పిల్లలు బడి సంచి వదిలేసినా, అది చేత పట్టుకుని ఇళ్ల వెనకగా పరుగెత్తి, వాళ్లకు ఎదురొచ్చి అప్పుడు ఇచ్చేది. నవ్వేవాళ్లు నవ్వుకునేవారు.

బయల్దేరిన మనిషిని వెనక్కి పిలిస్తే కీడని మనవాళ్లలో తెలియనిదెవరికి? పొరపాటున ఎవరైనా పిలిస్తే, ఆ మనిషి తిరిగొచ్చి కాసేపు కూర్చుని, నాలుగు గుక్కలు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాడు. అంతటితో సరి. కామమ్మకు అంతటితో సరిపోలేదు. తొమ్మిదో ఏట, భీమిలి దగ్గర వాళ్ల పల్లెలో, వేటకు వెళ్తున్న తండ్రిని "అయ్యా, నాకు జీళ్లు తేవా" అని వెనక నుంచి పిలిచింది. తండ్రి తిరిగి చూసి నవ్వాడు. మళ్లీ ఆ మనిషిని ఎవరూ చూడలేదు, శవం కూడా ఒడ్డుకు రాలేదు. పెద్దకర్మ నాడు మేనత్త పదిమందిలో, "పిల్ల పిలిసింది, నా తమ్ముడు పోనాడు" అంది. ఆ మేనత్త నోట్లో మన్ను పడ! తొమ్మిదేళ్ల పిల్ల నెత్తిన ఒక చావును పెట్టి, తను మాత్రం తీరిగ్గా విస్తరి ముందు కూర్చుంది.

పదహారో ఏట కామమ్మ గవరయ్యను చేసుకుని ఓడెక్కింది. దీవుల్లో చేపలు పట్టేవాళ్లకు చోటిస్తున్నారని విని బయల్దేరిన నాలుగైదు కుటుంబాల్లో వాళ్లదొకటి. గవరయ్యకు తల్లి లేని తమ్ముడు ఒకడు ఉన్నాడు, సూరయ్య, ఏడేళ్లవాడు. ఓడ మీద ఉన్న నాలుగు రోజులూ వాడు కామమ్మ కొంగు వదల్లేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాంతులు చేసుకుంటూ దీవికి చేరారు. వండూర్‌లో అప్పటికి చిత్తడి, జలగలు, నాలుగు పాకలు. వాడికి అన్నం పెట్టింది ఆమే, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది ఆమే, అబద్ధమాడితే వీపు చీరిందీ ఆమే. "ఇంట్లోంచి బయల్దేరినాక ఎనక్కి సూడకూడదు. ఎవురు పిలిసినా తిరక్కూడదు" అని వాడికి నేర్పింది కూడా ఆమే. తర్వాత రాముడు, బుల్లమ్మ పుట్టారు. అయినా ఎవరైనా అడిగితే "ముగ్గురు పిల్లలు" అనే చెప్పేది.

ఆ పెద్దకొడుకులాంటి మరిదికి పెళ్లి కుదిరింది. అది డెబ్బై తొమ్మిది, మాఘమాసం. పిల్ల పేరు కాళమ్మ, భీమిలి దగ్గరి పిల్లే. వచ్చే మంగళవారం హడ్డో జెట్టీ నుంచి విశాఖపట్నం ఓడ. అది తప్పితే మళ్లీ నెలరోజుల దాకా ఓడ లేదు, అప్పటికి ముహూర్తం దాటిపోతుంది. పద్దెనిమిదేళ్ల తర్వాత కామమ్మ పుట్టిన గడ్డకు వెళ్తోంది. పెళ్లికొడుకును క్షేమంగా ఆ ఒడ్డు మీద దింపాలి, అది ఒక్కటే ఆమె కోరిక. ఆ కోరికతో పాటే ఒక గుబులు కూడా మొదలైంది. ఎందుకో ఆమెకే తెలియదు.

సోమవారం పొద్దున్నే పోర్ట్ బ్లెయిర్ ఫీనిక్స్ బేలో ఓడ టికెట్ల వరసలో నిలబడింది. ముందు నలభై మంది, వెనక అరవై మంది. మూటలు మోసే కూలీ ఒకడు ఊరికే ఉండలేక, "కహాఁ జా రహే హో, దీదీ?" అన్నాడు. బయల్దేరేవాళ్లను ఎక్కడికి అని అడగకూడదన్న ఇంగితం లేనివాడికి ఏం చెబుతుంది? "నీ పని సూసుకో భయ్యా" అని మొహం తిప్పుకుంది. మధ్యాహ్నానికి ఓడలో అయిదు బంకులు, అంటే అయిదు పడకలు, దొరికాయి. ఆ కాగితం జాకెట్లో దాచుకుని బస్సెక్కినా ఆ కూలీ ప్రశ్న చెవిలోంచి పోలేదు.

బుధవారం సిప్పీఘాట్ వెళ్లింది. అక్కడి సర్కారు తోటలో మిరియాల తీగలు ఇస్తారని ఎవరో చెప్పారు. వియ్యాలవారికి దీవి నుంచి ఏదో ఒకటి పట్టుకెళ్లాలి కదా, ఉప్పుచేప పట్టుకెళ్తే నవ్వుతారు. రెండు తీగలు తడి గోనెపట్టాలో చుట్టి, బస్సులో పసిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని వచ్చింది. గురువారం మళ్లీ పోర్ట్ బ్లెయిర్, దర్జీ దగ్గరికి. సూరయ్య పెళ్లి చొక్కాకు గుండీలు తప్పు రంగువి కుట్టాడు. కామమ్మ అంగడి అదిరిపోయేలా అరిచి, దగ్గర కూర్చుని అవన్నీ విప్పించి, సరైనవి కుట్టి శనివారానికల్లా ఇంటికి తెచ్చివ్వమంది.

ఇన్ని తిరుగుళ్ల మధ్య ఇంట్లో ఒక్కరికీ ఓడ ధ్యాస లేదు. అందరికీ బంతి ధ్యాసే. ఆదివారం రట్లండ్ దీవిలో అయిదుగురి ఫుట్‌బాల్ ఆట, ఫైనల్. గెలిచిన జట్టుకు కప్పు, దాంతోపాటు ఒక మేకపోతు. గవరయ్య జట్టంటే ఇంటి జట్టే. వెనక గవరయ్య, ముందు సూరయ్య, పక్కన పద్నాలుగేళ్ల రాముడు. మిగతా ఇద్దరు రట్లండ్ అడవిలో కలప నరికే కూపులో పనిచేసే చుట్టాలు, సత్యారావూ అప్పయ్యా. వాళ్లు అక్కడే ఉంటారు కనుక వీళ్లే పడవ మీద వెళ్లాలి. పదకొండేళ్ల బుల్లమ్మకు జట్టులో చోటు లేదు గాని, రోజూ సాయంత్రం పోటు తగ్గిన ఇసకలో గోలు కాసేది ఆ పిల్లే. ఈల ఊదే పని కామమ్మది. ఈల ఎక్కడిది, నోరే!

"ఒరే సూరిగా, సేత్తో తోసినావు! నాను సూసినాను!"

"అరే వొదినా, నీ కళ్లు కావే అయ్యి, దుర్బీన్లు!"

ఆ వారం గాలి ఆమెకు నచ్చలేదు. ఈశాన్యం గాలి రోజూ సాయంత్రానికి తగ్గేది, ఆ వారం తగ్గడం మానేసింది. పొద్దున లేచినా అదే, పొద్దు గూకినా అదే, ఒడ్డు మీద ఉన్న ప్రతిదాన్నీ పట్టి సముద్రంలోకి తోస్తున్నట్టు. సూరయ్య కొట్టిన బంతి రెండుసార్లు నీళ్లలో పడింది. రెండుసార్లూ వాడు ఈది తెచ్చేసరికి చాలా దూరం పోవాల్సి వచ్చింది.

శుక్రవారం అన్నం దగ్గర అనేసింది. "పెళ్లికొడుకువి. ఈ వారం నీళ్ల మీదకి ఎల్లకు. ఆట లేకపోతే ఏటి?"

సూరయ్య నోట్లో ముద్దతోనే నవ్వాడు. "మంగళారం మనమెక్కేది నీళ్ల మీద కాదేటి? ఓడ రోడ్డు మీద నడుత్తాదా వొదినా?"

"సూరి లేకపోతే గోల్ ఎవుడు కొడతాడే, నువ్వు కొడతావా?" అన్నాడు గవరయ్య.

"అమ్మా, టెన్షన్ మత్ లే. ఒక్క మ్యాచ్, అంతే" అన్నాడు రాముడు.

ముగ్గురు మగాళ్లు ఒకటైతే ఏ ఆడదైనా ఏం చేస్తుంది? కంచాలు తీసి కడుక్కుంది.

ఇంట్లో రెండు నీలం ప్లాస్టిక్ డబ్బాలుండేవి, పదేసి లీటర్లవి. రెండూ ఒకే పోలిక. రెంటిలోనూ పడవ ఇంజనుకు కిరసనాయిలు పోసేవారు. ఓడలో పంపు నీళ్లు ఉప్పగా ఉంటాయని కామమ్మ అందులో ఒకటి ఖాళీ చేసి, బూడిద, చింతపండు వేసి మూడు రోజులు తోమింది. శనివారం సాయంత్రం బావి నీళ్లు నింపి, గుర్తుకు మూతి చుట్టూ తెల్ల గుడ్డపేలిక కట్టి, వసారాలో రెండో డబ్బా పక్కనే పెట్టింది. ఇంట్లోవాళ్లకు ఆ గుర్తు సంగతి చెప్పాలనుకుంది. అప్పుడే దర్జీ చొక్కా పట్టుకొచ్చాడు. ఆ సందట్లో మరిచిపోయింది.

ఆదివారం పొద్దున్నే నలుగురూ తయారయ్యారు. ఆటగాళ్లకు నిమ్మకాయలు కోసివ్వడానికి నేనూ వస్తానని బుల్లమ్మ ఏడ్చి మరీ ఒప్పించింది. కామమ్మ నలుగురికీ తలా ఒక చెంచా పెరుగు తినిపించి, ముత్తయిదువుగా తనే ఎదురొచ్చి సాగనంపింది.

"చల్తే హైఁ అమ్మా" అన్నాడు రాముడు.

"పోతన్నాననకు. ఎల్లొత్తాననరా!"

"సరేలే, ఎల్లొత్తాను."

"ఎల్లొత్తాం వొదినా. మేకపోతుకి తాడు సూసి ఉంచు" అన్నాడు సూరయ్య, ఒక చేత్తో బంతి, ఇంకో చేత్తో డబ్బా పట్టుకుని.

వాళ్లు ముప్పై అడుగులు వేసి ఉంటారు. కామమ్మ లోపలికి పోబోతూ వసారా వైపు చూసింది. అక్కడ మిగిలిన డబ్బాకు గుడ్డపేలిక లేదు. తల తిప్పి చూస్తే సూరయ్య చేతిలోని డబ్బా మూతి దగ్గర తెల్లగా ఎగురుతోంది. వాడు పట్టుకుపోతున్నది నీళ్లు. ఇంజనులో ఉన్న నూనె అయిపోతే పోయడానికి వాళ్ల దగ్గర చుక్క లేదు.

సూరీ! అంటే చాలు. ముప్పై అడుగులకు ఆమె గొంతు పెంచాల్సిన పని కూడా లేదు. వాడు తిరిగొస్తాడు, వసారాలో కూర్చుంటాడు, నీళ్లు తాగుతాడు, సరైన డబ్బా పట్టుకుని పోతాడు. నోరు తెరిచింది. తండ్రి తిరిగి చూసి నవ్విన మొహం కళ్ల ముందుకొచ్చింది. ఆ నలుగురిలో ఎవరు అలా తిరిగి చూసినా తను బతకలేదు. నోరు మూసుకుంది.

కిరసనాయిలు డబ్బా ఎత్తుకుని ఇళ్ల వెనకగా పరుగు తీసింది. ఎన్నోసార్లు చేసిన పనే. కానీ ఆ పొద్దున సముద్రం పోటు మీదుంది. అడ్డదారిలో కాలవ నిండిపోయి, రోజూ దాటే రాళ్లు మునిగిపోయాయి. వెనక్కి తిరిగి ఎరుకమ్మ పెరట్లోంచి, పందుల దొడ్డి చుట్టూ తిరిగి, చీర కుచ్చిళ్లు కంచెకు చిరిగి, ఒడ్డుకు చేరేసరికి ఇంజను మోగుతోంది. పడవ అప్పటికే నూరు గజాల అవతల ఉంది.

అప్పుడు పిలిచింది. పాతికేళ్లు గొంతులో బిగబట్టిందంతా విడిచి పిలిచింది.

"సూరీ! డబ్బా! ఓ సూరీ! ఎనక్కి రా! రాముడా!"

డబ్బా రెండు చేతులా నెత్తి మీదికెత్తి మోకాలి లోతుకు నడిచింది. పడవలో నలుగురి వీపులూ ఆమె వైపే ఉన్నాయి. ఒక్కటీ తిరగలేదు. సూరయ్య మాత్రం తిరక్కుండానే కుడిచెయ్యి పైకెత్తి ఊపాడు. పడవ తీరం మలుపు దాటి కనబడకుండా పోయింది.

ఎరుకమ్మ మొగుడు అప్పలకొండ అది విని, "ఇంజన్లో ఉన్నది ఎల్లడానికి సరిపోద్ది. అక్కడ ఎవుర్నడిగినా ఓ డబ్బా పోత్తారు. నువ్వు ఊరికే బెంబేలు పడకు" అన్నాడు. వెనక వెళ్దామంటే అతని పడవ ఇంజను విప్పదీసి ఉంది. చెప్పింది మంచి మాటే. కామమ్మ ఇంటికి పోయి పెట్టె సర్దడం మొదలుపెట్టింది. మడిచిన చీర విప్పి మళ్లీ మడిచింది. సాయంత్రం వాళ్లు రాలేదు. గెలిచి ఉంటారు, మేకను కోసుకుని అక్కడే ఉండిపోయి ఉంటారు అన్నారు అందరూ. తను కూడా అదే అనుకోవాలని గట్టిగా ప్రయత్నించింది.

సోమవారం పొద్దెక్కాక గుమ్మంలో సత్యారావు కనిపించాడు. రట్లండ్ నుంచి కూపు బోటు మీద వచ్చాడు. మొహం ధుమధుమలాడుతోంది.

"ఏటక్కా ఇంత మోసం! పొద్దుగూకేదాకా సూసినాం. నానూ అప్పయ్యా ఇద్దరం ఏటాడతాం? మా పరువు తీసేసినారు. వాళ్లకే గెలుపు రాసేసినారు. బావ ఏడీ? రానోళ్లు రామని ముందే సెప్పొచ్చు కదా?"

అతని తిట్లు సగంలో ఆగిపోయాయి. సర్దిన పెట్టె చూశాడు, ఆమె మొహం చూశాడు.

"రాలేదేటి? మరి ఎక్కడికెల్నారు?" అన్నాడు.

ఆ తర్వాత పోలీసు బోటు వెళ్లింది, సర్కారు బోటు వెళ్లింది, అప్పలకొండ ఆదరాబాదరాగా ఇంజను బిగించుకుని తనూ వెళ్లాడు. గాలి తోసిన వైపు ఒకటో రెండో చిన్న దీవులు దాటితే అంతు లేని సముద్రం, పట్టుకోవడానికి ఒక్క నేల ముక్క లేదు. ఆ సంగతి వండూర్‌లో చంటిపిల్లలకు కూడా తెలుసు, అందుకే ఎవరూ పైకి అనలేదు. మంగళవారం హడ్డోలో ఓడ కదిలిపోయింది. కామమ్మ ఒడ్డు మీదే కూర్చుంది. తిన్నది లేదు, ఏడ్చింది లేదు. ఎరుకమ్మ బలవంతాన గంజి నోట్లో పోస్తే మింగింది. పిలవాల్సినప్పుడు పిలవలేదు, పిలవకూడనప్పుడు పిలిచాను అని ఒకే మాట అనుకుంటూ ఉంది. పిలిచినందుకు పోయారా, పిలవనందుకు పోయారా? ఎటు తిప్పినా తప్పు తన దగ్గరికే వచ్చేది.

గురువారం మధ్యాహ్నం సత్యారావు బస్సు దిగి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా! మనోళ్లు దొరికినారు! కలప బోటు వాళ్లు సూసినారంట. పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రిలో ఏసినారు. ముగ్గురికీ పేణం బాగుంది!"

ముగ్గురు! కామమ్మ చేతులెత్తి మొక్కింది. ముగ్గురు పిల్లలూ బతికారు. అంటే గవరయ్య పోయాడు. బస్సులో దారి పొడుగునా మొగుడి కోసం ఏడ్చింది. ఏడుస్తూనే, పిల్లల్ని మిగిల్చాడు, పెళ్లికొడుకును మిగిల్చాడు, ఆ మనిషి రుణం ఎలా తీర్చుకోను అని తోడొచ్చిన ఎరుకమ్మతో చెప్పుకుంది. ఆ ముగ్గురూ ఎవరెవరోనని ఎరుకమ్మకు అనుమానం తగిలింది గాని నోరెత్తలేదు. ఆ సంగతి తలుచుకుని ఎరుకమ్మ ఇప్పటికీ బాధపడుతుంది.

ఆస్పత్రిలో మొదటి మంచం మీద బుల్లమ్మ. రెండో మంచం మీద రాముడు, పెదాలు పగిలి, మొహమంతా బొబ్బలు. మూడో మంచం మీది మనిషి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కామమ్మ "సూరీ, నా తండ్రీ" అంటూ వెళ్లి భుజం పట్టుకుంది. ఆ మనిషి ఇటు తిరిగాడు. గవరయ్య.

మొగుడు బతికున్నందుకు ఏ ఆడదైనా సంతోషిస్తుంది. కామమ్మ అతన్ని చూసి కెవ్వుమని అరిచింది. గవరయ్య మళ్లీ గోడ వైపు తిరిగిపోయాడు.

సగం దారిలోనే ఇంజన్లో నూనె అయిపోయి, గాలి పడవను తోసుకుపోయిందని బుల్లమ్మ చెప్పింది. రెండో రోజు ఒక దీవి చెట్లు కనిపించాయట. అక్కడ ఎవరైనా ఉంటారని, ఒక తెడ్డు చంకన పెట్టుకుని సూరయ్య నీళ్లలోకి దూకాడట. అన్న వద్దన్నా వినలేదు. పిల్లలు చూస్తుండగానే పడవ ఒక వైపు, వాడొక వైపు కొట్టుకుపోయారు. ఆ తర్వాత వాడి జాడ ఎవరికీ దొరకలేదు.

"ఆ డబ్బాలో నీళ్లే లేకపోతే వీళ్లెవరూ మిగిలేవారు కాదమ్మా" అన్నాడు డాక్టరు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ అదే మాట అన్నారు. నీ నీళ్లే కాపాడాయి, నీ పుణ్యమే. నూనె డబ్బా పట్టుకెళ్లి ఉంటే ఆ నీళ్లతో పనే పడేది కాదన్న సంగతి వాళ్లకు తెలియక కాదు. ఏదో ఒకటి అనాలి కనుక అన్నారు. కామమ్మ ఆ మాట వింటూ తల ఊపేది.

సాయంత్రం రాముడికి కొంచెం మాట వచ్చాక, తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, ఆ రోజు నువ్వు పిలిసినావు కదా? మాకు వినిపించింది."

కామమ్మ వాడి మంచం పట్టె మీద కూర్చుంది.

"నాను తిరగబోనాను. బాబాయి నా మెడ పట్టుకుని ముందుకి తిప్పేసినాడు. 'తిరక్కురా, మత్ దేఖ్. మనం తిరిగి సూత్తే మీ అమ్మ బెదిరిపోద్ది. మీ అమ్మ పేణం ఆ మాట మీదే ఉంది' అన్నాడు. నవ్వినాడు అమ్మా. నీకు సెయ్యి ఊపినాడు."

వండూర్‌లో కామమ్మ ఇంకా ఉంది. జుట్టు నెరిసింది గాని గొంతు తగ్గలేదు. ఆమె వాకిట్లోంచి వేటకు పోయేవాడు ఎవడైనా సరే, ముప్పై అడుగులు పోగానే వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తుంది. తాటిచెట్టంత మగాళ్లు, శకునం చూడందే తాడు విప్పనివాళ్లు, ఒక్కడూ విసుక్కోడు. తిరిగి చూస్తారు, తిరిగొస్తారు, ఆమె వసారాలో కూర్చుని నీళ్లు తాగి పోతారు. రాముడికి ఇప్పుడు సొంత పడవ ఉంది. రోజూ పొద్దున్నే వాడు బయల్దేరి కొంత దూరం పోయి, ఆమె పిలిచేదాకా అక్కడే నిలబడతాడు.